చారాణా మచ్చకు బారాణా వైద్యం

మొన్న ఒక ఉదయం మా వియ్యపురాలు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. వంటింట్లో మా కోడలు శ్రావ్య కందిపచ్చడి కోసం పప్పు వేయిస్తోంది. కందిపప్పు ఎర్రగా వేగేటప్పుడు వచ్చే వాసనకి నాకు ఈ వయసులో కూడా ఆకలి పుడుతుంది. ఆ వాసన పట్టుకునే గదిలోంచి బయటికొచ్చాను. వచ్చి చూద్దును కదా, పళ్ళెంలో వెల్లుల్లి రెబ్బలు రెండు కుప్పలుగా ఉన్నాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. "కందిపచ్చడికి నాలుగు రెబ్బలు చాలవా వదినగారూ, ఇన్నెందుకు?" అన్నాను. "పచ్చడికి ఈ చిన్నకుప్పేనండీ. ఆ పెద్దకుప్ప పాపకి" అందావిడ, పొట్టు ఊదుకుంటూ. మా మనవరాలు ఆద్యకి ఇంకా ఏడాది నిండలేదు. అది వెల్లుల్లి ఎలా తింటుందా అని నేను ఆలోచించేలోపే ఆవిడ అసలు సంగతి చెప్పింది. మర్నాడు పాపకి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నాం. గుండు చేయించి ఇంటికి తీసుకురాగానే, నెత్తి మీద ఆ జుట్టు రాని చోట వెల్లుల్లి నూరి పట్టు వేస్తుందట. "నున్నటి గుండు మీదైతే రసం బాగా ఇంకుతుందట వదినగారూ. ఫోన్లో వీడియో వచ్చింది, మీకూ పంపాను, చూళ్ళేదా?"

చూశాను. చూసి ఫోను సోఫా మీద పడేశాను కూడా. నా చెయ్యి నాకు తెలియకుండానే ఎడమ చెవి పైకి పోయింది. అక్కడ నాకు జుట్టు లేదు. పుట్టినప్పటి నుంచీ లేదు. ఆ పక్కనే ఇంకొంచెం మేర కూడా లేదు గానీ, అది పుట్టుకతో రాలేదు, వెల్లుల్లితో వచ్చింది. ఆ సంగతి మా వదినగారికి పెళ్ళిమాటల నాటి నుంచీ తెలుసు. ఈ వారంలోనే నేను జుట్టు పాయ పక్కకి తీసి, గులాబీ రంగులో నున్నగా మెరిసే ఆ కాలిన మచ్చ చూపించి మరీ చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చూసి, "మీకు రాసినావిడకి రాయడం సరిగ్గా తెలిసుండదండీ" అంది.

ఆద్యది కుడి చెవి పైన. పసుపుపచ్చగా, కాస్త ఎత్తుగా, మైనం అంటించినట్టు నున్నగా ఉంటుంది. పంజగుట్టలో చర్మం డాక్టరమ్మకి చూపించాం. ఆవిడ వేలితో తడిమి, భూతద్దం పెట్టి చూసి, "ఇది పుట్టుమచ్చలో ఒక రకమేనండీ. అక్కడ వెంట్రుకల కుదుళ్ళు సరిగా ఏర్పడలేదు, అంతే. ఎవరి తప్పూ కాదు. ఇప్పుడేం చెయ్యక్కర్లేదు. అప్పుడప్పుడు తెచ్చి చూపిస్తూ ఉండండి. పెద్దయ్యాక ఏమన్నా మారితే అప్పుడు ఆలోచిద్దాం. ఈలోగా దాని మీద ఏమీ రాయకండి" అంది. మామూలుగా వంశంలో వచ్చేది కాదని కూడా చెప్పింది. ఇంత విడమరిచి చెప్పినా, కిందికి దిగే లిఫ్టులోనే మా వదినగారు నా తలవైపు ఓ చూపు చూసి, "ఏమోనండీ, మా వైపు మాత్రం ఎవరికీ లేదు" అంది. పక్కన శ్రావ్య పిల్లని భుజాన వేసుకుని నేల చూపులు చూస్తోంది. ఈ మచ్చ ఏ కాలంలో పుట్టినా ఎవరో ఒక ఆడదాని నెత్తిన పడాల్సిందే కాబోలు! ఆనాడు గ్రహణం పేరుతో మా అమ్మ మీద పడింది. ఈనాడు పోలిక పేరుతో నా మీద పడింది.

మా అమ్మ మీద పడేసిన మనిషి మా నాయనమ్మ. గుడివాడ దగ్గర పల్లెటూరి నుంచి నాన్న ఉద్యోగంతో పాటు ఈ హైదరాబాదు వచ్చింది. నాన్నకి సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పని. అమీర్‌పేటలో ఒకే ఆవరణలో రెండు వాటాల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. ఇప్పుడక్కడ నిలబడి తలెత్తితే ఆకాశం కంటే కోచింగుల బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. అప్పుడు మా గుమ్మంలో కూర్చుంటే ఫ్యాక్టరీ కూత వినిపించేది. ఆ కూతకి నాయనమ్మ పొయ్యి మీద అత్తెసరు పడేసేది. నేను కడుపులో ఉండగా సూర్యగ్రహణం వచ్చిందట. ఆ రోజు అమ్మ తల గోక్కుందనీ, అందుకే నాకు తల మీద జుట్టు రాలేదనీ నాయనమ్మ తీర్మానం. అమ్మ ఎప్పుడైనా ప్రాణం విసిగి, "గ్రహణం నాడు నన్ను చీకటిగదిలో పెట్టి తలుపేసింది మీరే కదత్తయ్యా, చేతులు కదపకుండా వెల్లకిలా పెట్టిన బొమ్మలా పడున్నాను" అనేది. "చీకట్లో గోక్కుంటే నాకు కనిపిస్తుందా?" అనేది నాయనమ్మ.

ఆదివారం వచ్చిందంటే నాకు గుండెల్లో రాయి పడేది. తలంటు రోజు అది. పొద్దున్నే పెరట్లో కుంకుడుకాయలు కొట్టిన చప్పుడుకి మెలకువొచ్చేది. నాయనమ్మ నన్ను పీట మీద కూలేసి, నువ్వులనూనె మాడు మీద పోసి అరచేత్తో దబదబా మర్దించేది. నూనె చెంపల మీద కారి, కళ్ళల్లోకి దిగి, నోట్లోకి కూడా పోయేది. ఆ తర్వాత సున్నిపిండి నలుగు, ఆ తర్వాత కుంకుడు రసం. కళ్ళు మండి ఏడిస్తే నోట్లో ఒక ఉప్పుకల్లు పడేసేది, అది కళ్ళమంటకి మందట. నీళ్ళు పోశాక బుట్ట బోర్లించి, దాని కింద సాంబ్రాణి పొగ వేసి, బుట్ట మీద నా జుట్టు పరిచేది. ఇంతవరకూ అందరి ఇళ్ళల్లోనూ ఉండే భాగోతమే. మా ఇంట్లో దీని తర్వాత ఇంకో అంకం ఉండేది. నాయనమ్మ కొంగుముడి విప్పి ఒక పావలా బిళ్ళ తీసి, నా ఎడమ చెవి పైన ఆ నున్నటి చోట పెట్టి చూసేది. మచ్చ బిళ్ళ కింద దాక్కుంటే సరే, అంచు కనిపిస్తే ఆ వారమంతా మాకు గ్రహణం కథే. నాతో పాటు నా తల కూడా పెరుగుతుందని, తల పెరిగితే మచ్చ కూడా పెరుగుతుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేది కాదు లెండి.

ఆ పావలా బిళ్ళే నా పేరైపోయింది. ఈ ఊళ్ళో పావలాని చారాణా, ముప్పావలాని బారాణా అంటారు. గోడ మీంచి ఆ తంతు చూసిన పిల్లలెవరో బళ్ళో చెప్పారు, అంతే, నేను చారాణానైపోయాను. "చారాణా, ఇటు రా." "చారాణా, పలక ఇయ్యి." దాన్ని కప్పెట్టడానికి నాయనమ్మ ఆముదం దీపం మీద పట్టిన కాటుక తెచ్చి, బడికి వెళ్ళేముందు మచ్చ మీద పులిమేది. చెమట పడితే అది కరిగి, చెవి పక్కనించి మెడ మీదుగా తెల్లజాకెట్టులోకి నల్లటి గీతలా దిగేది. సాయంత్రం జాకెట్టు ఉతకలేక అమ్మ తల బాదుకునేది. ఒకసారి బండరాయి మీద ఆ జాకెట్టు రుద్దుతూ, "చారాణా కోడికి బారాణా మసాలా అని ఈ ఊరివాళ్ళు ఊరికే అనలేదు" అంది, పళ్ళ బిగువున. మా అమ్మ నోట్లోంచి నేను విన్న మొదటి హైదరాబాదు సామెత అదే. నాయనమ్మకి వినపడకుండా అన్నా, నాకు మాత్రం బాగా వినిపించింది. ఆ రోజు అమ్మ మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

రెండో వాటాలో ఖతీజా ఖాలా ఉండేది. ఖాలా అంటే పిన్ని. వాళ్ళమ్మాయి నస్రీన్, నేనూ ఒక ఈడువాళ్ళం కాబట్టి నాకూ ఆవిడ ఖాలాయే. బీదర్ నుంచి ఈ ఊరి కోడలిగా వచ్చింది. వాళ్ళాయన తెలుగు గడగడా మాట్లాడేవాడు గానీ, ఆవిడకి ఒక్క ముక్క రాదు. తెల్లగా, పొట్టిగా, ఎప్పుడూ తల మీద దుపట్టా జారకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పనంతా చేసేది. నాయనమ్మ ఆవిణ్ణి బూబమ్మ అనేది, ఆవిడ నాయనమ్మని అమ్మమ్మా అన్నట్టు నానీమా అనేది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాకపోయినా మధ్యాహ్నం పూట మెట్ల మీద కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. ఆవిడ ఏదో అనేది, ఈవిడ ఇంకేదో అనేది, ఇద్దరూ తలలూపేవాళ్ళు. మా ఇంటి నుంచి గోంగూర పచ్చడి వెళ్తే, అదే గిన్నెలో వాళ్ళింటి నుంచి ఖట్టీ దాల్, అదే పుల్లటి పప్పు, వచ్చేది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదనే పట్టింపు ఇద్దరికీ ఉంది. రంజాను నాడు మాత్రం మా ఇంట్లో అన్నిటికంటే మంచి గిన్నె వాళ్ళింటికి వెళ్ళి, పాలూ సేమియాల షీర్ ఖుర్మాతో నిండి, మీద అల్లిన గుడ్డ కప్పుకుని తిరిగొచ్చేది. అందులో ఖర్జూరం ముక్కలు ఏరుకు తినడం కోసం నేనూ, నాన్నా పోట్లాడుకునేవాళ్ళం. ఆ గిన్నె మా ఇంట్లో కొన్న మొదటి స్టీలు గిన్నె. దాని మీద వెంకట సుబ్బమ్మ అని నాయనమ్మ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉండేది.

నాయనమ్మకి తనకి ఉర్దూ వచ్చేసిందని గట్టి నమ్మకం. తోపుడుబండి కూరగాయలాయన దగ్గర నేర్చుకున్న ఉర్దూ అది. ప్యాజ్, ఆలూ, లస్సన్, కొత్మీర్, ఎంత అనడానికి కిత్నా, బేరం కుదరకపోతే వదిలెయ్ అనడానికి ఛోడ్ దేవ్. ఈ పెట్టుబడితో ఆవిడ పాతబస్తీ దాకా వెళ్ళొస్తానని బయల్దేరేది. అలాంటి రోజుల్లో ఒక తలంటు మధ్యాహ్నం నా తల బుట్ట మీద ఆరుతుంటే, నాయనమ్మ ఖాలాని పిలిచి మచ్చ చూపించింది. దాన్ని నాయనమ్మ పేనుకొరుకుడు అనేది. పేను కొరికేసి జుట్టు ఊడిందని అర్థం. పుట్టిన పిల్లకి పేలెక్కడివి అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మందారాకు రాసింది, ఉల్లిరసం రాసింది, ఇంకేం రాయాలి అన్నట్టు చేతులు తిప్పి ఖాలాని అడిగింది. ఖాలా వంగి, వేలితో సుతారంగా తడిమి, నవ్వి, "లస్సన్ హై నానీమా, కుచ్ నై హోతా, ఛోడ్ దేవ్" అంది.

ఈ మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుండడానికి కారణం నా జ్ఞాపకశక్తి కాదు. తర్వాత పాతికేళ్ళ పాటు ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ నాయనమ్మ వీటిని అప్పజెప్పింది. లస్సన్ అంటే వెల్లుల్లి, ఆవిడకి తెలుసు. కుచ్ నై హోతా అంటే ఏమీ కాదు. ఛోడ్ దేవ్ అంటే వదిలెయ్యి. వెల్లుల్లి పెట్టు, ఏమీ కాదు, అలాగే వదిలెయ్యి. ఇంకేం కావాలి? అప్పటికప్పుడు రోట్లో వెల్లుల్లి నూరి, ముద్ద చేసి, మచ్చ మీద పెట్టి, పాతచీర పీలికతో తలచుట్టూ గట్టిగా కట్టి వదిలేసింది. మొదట చల్లగా అనిపించింది. కాసేపటికి చురుకు. ఇంకాసేపటికి నేను వాకిట్లో పొర్లుతున్నాను. "మందన్నాక మండదా? పనిచేస్తోందే పిచ్చిమొహమా" అని నాయనమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కూర్చుంది. అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడింది. ఆవిడ మొహం నాకిప్పటికీ కనిపిస్తుంది. ఒక అడుగు ముందుకేసి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. సాయంత్రం నాన్న బజారు నుంచి వచ్చి కట్టు విప్పితే గుడ్డతో పాటు చర్మం కూడా వచ్చింది.

కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది నా పని. బొబ్బలెక్కి, చీము పట్టి, ఎన్నాళ్ళకో మానింది. మానాక చూస్తే చారాణా కాస్తా రూపాయి అయి కూర్చుంది. పుట్టుమచ్చ ఎక్కడిదక్కడే ఉంది, దాని పక్కన బాగున్న జుట్టు కూడా పోయింది. తప్పు ఎవరిది? నాయనమ్మది ఎందుకవుతుంది! కొంగు బిగించి వెళ్ళి ఖాలా గుమ్మంలో నిలబడి, కృష్ణా జిల్లా యాసలో ఎన్ని తిట్లున్నాయో అన్నీ తిట్టింది. ఖాలా పిండి చేతులతో బయటికొచ్చి, ఒక్క ముక్క అర్థం కాక ఆవిడ నోటి వంకే చూస్తూ నిలబడింది. ఆ రోజు నుంచీ రాకపోకలు బంద్. నస్రీన్‌తో ఆడొద్దని నాకు ఆర్డరు. రంజానుకి గుడ్డ కప్పిన పళ్ళెం మా గుమ్మం దాకా వచ్చి అలాగే వెనక్కి పోయింది. గొడవ జరిగే వేళకి మా స్టీలు గిన్నె వాళ్ళింట్లో ఉండిపోయింది. "తల కాల్చింది చాలక గిన్నె కూడా నొక్కేసింది" అని నాయనమ్మ పోయేదాకా ఆ గిన్నె పేరు చెప్పి సాధించింది. ఖాలావాళ్ళు తర్వాత వెనక వీధిలోనే చిన్న ఇల్లు కొనుక్కుని వెళ్ళారు. నాకు ఆ వీధి మీదుగా వెళ్ళాలన్నా మొహం చెల్లేది కాదు.

పెద్దయ్యాక కుడివైపు నుంచి పాపిడి తీసి, జుట్టంతా ఎడమ చెవి మీదికి దువ్వడం అలవాటైంది. పెళ్ళిచూపుల్లో, ఉద్యోగంలో, ఫొటోల్లో, నా జన్మంతా ఆ ఒక్క పాపిడే. గాలి వస్తే చాలు చెయ్యి చెవి మీదికి పోతుంది. ఈ మధ్య జుట్టు పలచబడి ఆ దాపరికం కూడా సాగడం లేదు. అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే పంజగుట్ట జుట్టు క్లినిక్కుల కుర్రాళ్ళు చేతిలో కాగితం పెట్టి, నా తల వంక జాలిగా చూస్తారు. ఒకమ్మాయి ఫోను చేసి, "మేడమ్, మీ ఇంట్లో ఇంకెవరికైనా హెయిర్ ప్రాబ్లం ఉందా? ఫ్యామిలీ ప్యాకేజీ ఉంది" అంది. అప్పుడు కాటుక పులిమేవాళ్ళు, ఇప్పుడు జుట్టులా కనిపించే పొడి చల్లుతామంటున్నారు. అప్పుడు నాయనమ్మ ఒక్కతే వైద్యురాలు, ఇప్పుడు ఫోను తెరిస్తే ఊరంతా వైద్యులే. పిల్లని ఎత్తుకుని లిఫ్టెక్కితే ఒకరు ఉల్లిరసం అంటారు, ఇంకొకరు రేపు బడిలో చేర్చుకోరేమో అంటారు. ఏడాది నిండని పిల్లకి పెళ్ళవుతుందా అని అడిగిన మహానుభావురాలు కూడా మా మూడో అంతస్తులో ఉంది. అందరికీ జవాబు చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది.

అందుకే ఆ ఉదయం పెద్దకుప్ప చూడగానే నా ఒళ్ళు మండింది. "వదినగారూ, ఈ పిల్ల తల మీద వెల్లుల్లి పెడితే నేను ఊరుకోను" అన్నాను. "మీ మనవరాలైతే నాకు మనవరాలు కాదా? దాని మంచికే కదా" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వంటింటి గడప దగ్గర శ్రావ్య నిలబడింది. చేతిలో గరిటె, మొహం పాలిపోయి ఉంది. మా అమ్మ నిలబడ్డట్టే నిలబడింది. అత్తకి చెప్పలేదు, తల్లికి చెప్పలేదు. ఆ పిల్లని చూసి నాకు భయం వేసింది. నేను మధ్యాహ్నం కాసేపు నడుం వాలిస్తే చాలు, ఈ ఇంట్లో పాప తలకి కట్టు పడుతుంది.

సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది. తలుపు తీస్తే నస్రీన్. చలికాలంలో ఖతీజా ఖాలా పోయినప్పుడు పలకరించడానికి వెళ్ళి, ఎన్నో ఏళ్ళ తర్వాత నస్రీన్‌తో నాలుగు మాటలు మాట్లాడాను. ఇప్పుడు వాళ్ళమ్మ ఉన్న ఇల్లు నస్రీన్ ఖాళీ చేస్తోందట. చేతిలో గుడ్డ కప్పిన గిన్నె. "సామాను సర్దుతుంటె దొరికింది. ఖాళీ గిన్నె ఎట్ల ఇస్త, షీర్ ఖుర్మా చేసి తెచ్చిన. మనవరాల్ని సుత చూసినట్లుంటదని" అంటూ లోపలికొచ్చింది. గుడ్డ తీస్తే, గిన్నె అంచు మీద చుక్కలు చుక్కలుగా వెంకట సుబ్బమ్మ. నస్రీన్ పాపని ఒళ్ళోకి తీసుకుని, టోపీ జరిపి ముద్దు పెట్టుకోబోయి, "అరె! బిడ్డకు సుత లస్సన్ ఉన్నదే! నీ లెక్కనే" అంది నవ్వుతూ.

ఇంక నా వల్ల కాలేదు. "నస్రీన్, నీకు దణ్ణం పెడతాను, ఈ ఇంట్లో ఆ మాట ఎత్తకు! మీ అమ్మ లస్సన్ పెట్టమనబట్టే కదా నా తల ఇలా తగలడింది. మళ్ళీ నువ్వొచ్చి దీనికి కూడా చెబుతున్నావా?" అని అరిచాను. నస్రీన్ నవ్వు ఆగిపోయింది. "అమ్మీ ఎల్లిగడ్డ పెట్టమన్నదా? ఎప్పుడన్నది?" అంది. నాయనమ్మ అప్పజెప్పినట్టే అప్పజెప్పాను. లస్సన్ హై నానీమా, కుచ్ నై హోతా, ఛోడ్ దేవ్. విని నస్రీన్ "యా అల్లా" అని తల పట్టుకుంది. "అరె పిచ్చిదానా, లస్సన్ అంటె ఎల్లిగడ్డ నిజమే. గని పుట్టుమచ్చను సుత మేము లస్సనే అంటం. పుట్టంగనే ఒంటి మీద మచ్చ ఉంటె లస్సన్ ఉన్నదంటం. అమ్మీ ఏమన్నది? పుట్టుమచ్చ నానీమా, ఏం గాదు, ఇడ్సిపెట్టున్రి అన్నది. గంతే గద!"

గంతే. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి నేను నేర్చుకున్నది కూడా కూరగాయల ఉర్దూయే కాబోలు, నాకూ తట్టలేదు. పంజగుట్ట డాక్టరమ్మ భూతద్దం పెట్టి చెప్పిన మాటే ఆనాడు ఖాలా వేలితో తడిమి చెప్పింది. మా ఇంట్లో వాళ్ళకి వెల్లుల్లి అర్థమైంది గానీ, వదిలెయ్యడం అర్థం కాలేదు. "మీ నాయనమ్మ గుమ్మంల నిలబడి లొల్లి చేసినప్పుడు, ఏమంటుంది అని అమ్మీ నన్నడిగింది" అంది నస్రీన్. "నీ వల్లనే పిల్ల తల కాలిందట అని చెప్పిన. నాకేం ఎరుక. అమ్మీ మస్తు పరేషాన్ అయింది. మై ఐసా క్యా బోలీ, నేను గట్ల ఏమన్న, అని. ప్రతి రంజాన్‌కు గీ గిన్నె తీసి తోమేది. ఖాళీది పంపరాదు, నింపి పంపితె మీరు తీస్కోరు. మల్ల లోపల పెట్టేది. మంచంల పడ్డంక సుత అడిగేది, మై ఐసా క్యా బోలీ అని."

ఏడుపు వచ్చింది, దానికంటే ఎక్కువ కోపం వచ్చింది. నాయనమ్మని నిలదీద్దామంటే ఆవిడ లేదు. "నువ్వేమీ అనలేదు ఖాలా, నువ్వొక్కదానివే సరిగ్గా చెప్పావు" అని చెబుదామంటే ఖాలా లేదు. ఆ నలుగురు పెద్దవాళ్ళలో ఒక్కరైనా ఆ మాటకి అర్థం ఏమిటని ఖాలా వాళ్ళాయన్ని అడిగి ఉంటే సరిపోయేది. ఆయనకి రెండు భాషలూ వచ్చు! ఇంత కోపం ఇప్పుడు నేనెక్కడ దించుకోను? నస్రీన్ లేచి వచ్చి నా పాపిడి చెరిపి, జుట్టు పక్కకి తీసి చూసింది. పసుపుపచ్చ మచ్చ మీద వేలు పెట్టి, "గిది అల్లా పెట్టిన లస్సన్" అంది. కాలిన మచ్చ మీద వేలు పెట్టి, "గిది మీ నాయనమ్మ పెట్టిన లస్సన్" అంది. ఇద్దరం నవ్వామో ఏడ్చామో మాకే తెలియలేదు.

అంతా విన్న మా వదినగారు కళ్ళు తుడుచుకుని, "అయితే ఆవిడ ఏం రాయమన్నట్టండీ?" అంది. "ఏమీ రాయొద్దంది." "ఏమీ రాయకపోతే ఎలా పోతుంది వదినగారూ?" "పోదు వదినగారూ. ఉంటుంది. నాకు లేదూ?" ఆవిడ ఇంకేదో అనబోయింది. ఈలోగా శ్రావ్య గడప దాటి వచ్చింది. టేబుల్ మీది పళ్ళెం తీసుకుంది. "అదేంటే, అది పాపకి" అని వాళ్ళమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మా, ఖాలా అప్పుడే చెప్పిందట, డాక్టరమ్మా అదే చెప్పింది. ఇంక వదిలెయ్. నా కూతురి తల మీద ఎవరు చెయ్యి వేసినా ఊరుకోను" అంది. వంటింట్లోకి వెళ్ళి రెండు కుప్పలూ మిక్సీలో వేయించిన పప్పు మీద వేసి మీట నొక్కింది. ఆ చప్పుడులో వాళ్ళమ్మ అన్నదేమిటో మాకెవరికీ వినపడలేదు. మా అమ్మ వెయ్యలేకపోయిన అడుగు అది. ఆవిడ ఉండి చూస్తే ఎంత బాగుండేదో!

షీర్ ఖుర్మా వేరే దాంట్లోకి ఒంపి, గిన్నె కడిగి తుడిచి, దాని నిండా కందిపచ్చడి పెట్టి, మూతేసి నస్రీన్ చేతికిచ్చాను. "మీ గిన్నె మీకియ్యనీకె గద వచ్చిన, మల్ల నాకిస్తవేంది?" అంది. "ఖాళీ చేతుల్తో పంపుతానా? తిని, మళ్ళీ నింపి తీసుకురా" అన్నాను. నస్రీన్ మూత తీసి వాసన చూసింది.

"లస్సన్ మస్తు పడ్డది గదనే!"

"పడనీ. దాని చోటు అదే."